పచ్చమందు కలపని సీసాలు

2 మార్చి 1966, బుధవారం

ఈరోజు తొమ్మిది గ్లూకోజ్ సీసాలు ఎక్కించాను. తొమ్మిది మందిలో నిజంగా జబ్బున్నవాళ్లు ముగ్గురు. మిగతా ఆరుగురికి బలం కావాలి. అబిడ్స్‌లో మా వామన్‌రావు డాక్టరు గారి దవాఖానలో ఇది మామూలే. పన్నెండేళ్లుగా ఇక్కడ కంపౌండర్‌గా ఉన్నాను. జబ్బు చూసేది డాక్టరు గారు, బలం ఇచ్చేది నేను. సదాశివ చెయ్యి పడితే సూది గుచ్చినట్టే ఉండదని పేరు తెచ్చుకున్నాను. ఇది గొప్పకు రాయడం లేదు. కొంచెం గొప్పకే రాస్తున్నాను.

బట్టల దుకాణం బుచ్చిబాబు గారు నెలకోసారి చుట్టపుచూపుగా వచ్చి బెడ్ మీద పడుకుంటారు. గుండ్రాయిలాంటి మనిషి. ఆయనకు గ్లూకోజ్ ఒక్కటే ఎక్కిస్తే నచ్చదు. జర పచ్చమందు ఎక్కువ కలుపు కంపౌండర్ సాబ్ అంటారు. పచ్చమందు అంటే బి-కాంప్లెక్స్. సిరంజితో రబ్బరు మూతలోంచి సీసాలోకి ఎక్కిస్తే నీళ్లలాంటి గ్లూకోజ్ పసుపునీళ్ల రంగుకు తిరుగుతుంది. ఆ రంగు చూస్తేనే వీళ్లకు సగం బలం వస్తుంది. పోయినసారి ఎక్కించుకున్నాక మూత్రం పసుపుపచ్చగా వచ్చిందనీ, ఒళ్లంతా వేడి చేసిందనీ అన్నారు. మజ్జిగ తాగమన్నాను. పచ్చమందు వేడి అని ఎవరికి తెలియదు?

మా ఆవిడ సౌభాగ్యకు మళ్లీ నెల తప్పింది. మూడు వారాలైంది. ఎవరికీ చెప్పొద్దు అన్నది. ఇక్కడ రాస్తే చెప్పినట్టు కాదు.

7 మార్చి

వాంతులు మొదలయ్యాయి. పొద్దున అటుకులు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఉత్త నీళ్లు. ఏదీ నిలవలేదు.

అయినా నవ్వుతూనే ఉంది. దవాఖాన తాళంచెవి మరిచిపోయి బయల్దేరుతుంటే మంచం మీది నుంచే గుర్తు చేసింది. నేను ఈ డైరీ రాసేది మతిమరుపుకు. ఆమెకు ఇలాంటిది అక్కర్లేదు. ఎవరి పెళ్లి ఏ నెలలో అయింది, ఏ పేషంటుకు ఏ సూది పడదు, ఇంటి ఓనరు పోయిన దసరాకు ఏమన్నాడు, అన్నీ ఆమెకు నోటికే. చదివింది ఏడో తరగతి. నేను మెట్రిక్ దాకా చదివి ఈమెను అడిగి బతుకుతున్నాను.

14 మార్చి, సోమవారం

వారం నుంచి మెతుకు లోపల నిలవలేదు. ఈరోజు లేచి నిలబడితే కళ్లు తిరిగి పడబోయింది. డాక్టరు గారు స్వయంగా మా నాంపల్లి గల్లీలోకి నడిచి వచ్చారు. స్టేషన్ వెనక ఈ కిరాయి గదికి ఆయన రావడం ఇదే మొదటిసారి. నాడి చూశారు, నాలుక చూశారు. దవాఖానలో పడుకోబెట్టడం కంటే ఇంట్లోనే నయం, నువ్వున్నావు కదా అన్నారు. రోజుకు రెండు గ్లూకోజ్ సీసాలు, ఒకదానిలో బి-కాంప్లెక్స్ కలపాలని చీటీ రాశారు.

సీసా వేలాడదీయడానికి గోడకు ఒక్కటే మేకు ఉంది. క్యాలెండర్ తీసి పెట్టె మీద పెట్టాను.

పచ్చమందు సిరంజిలోకి తీస్తుంటే మా అత్తమ్మ పూలమ్మ చెయ్యి పట్టుకున్నది. కూతురి కోసం నిన్ననే భువనగిరి దగ్గర ఊరి నుంచి వచ్చింది. గ్లూకోజ్ సల్వ, ఎక్కియ్యి, గా పచ్చమందు వద్దు కొడుకా, పోయినసారి ఏమైందో యాది లేదా అన్నది.

యాది లేకేం. సౌభాగ్యకు కడుపు పోవడం ఇప్పటికి రెండుసార్లు. రెండోసారి, పోయిన ఏడాది, నీరసంగా ఉందంటే నేనే పచ్చమందు సూది వేశాను. సాయంత్రానికి మూత్రం పచ్చగా వచ్చింది. నాలుగో రోజు పోయింది. డాక్టరు గారు సూదికీ దానికీ సంబంధం లేదన్నారు. ఆయన పెద్దమనిషి, నన్ను బాధపెట్టడం ఇష్టం లేక అలా అన్నారని అప్పుడే అనుకున్నాను.

సిరంజి ఖాళీ చేసి కడిగేశాను. తెల్ల సీసానే ఎక్కించాను. తిరిగి దవాఖానకు వెళ్తే కలిపావా అని అడిగారు. కలిపానన్నాను.

19 మార్చి

రెండు సీసాలు. ఐదు వాంతులు.

27 మార్చి, ఆదివారం

పక్క గది సమ్మక్క, ఆమె వెనక గల్లీలోని ఆడవాళ్లంతా సీసాను చూడడానికి వచ్చారు. బొట్టు బొట్టు పడుతుంటే అందరూ తలలు ఊపుతూ లెక్కపెట్టారు. గిది రాజుల తిండి, పండ్లరసం అంతా గిండ్లనే ఉంటదట కదా అని సమ్మక్క అడిగింది. ఔ అన్నాను. నాకూ అంతకు మించి తెలుసా? చక్కెరనీళ్లు అని మాత్రం తెలుసు. ఆ మాట చెబితే సీసా మర్యాద పోతుంది, నా మర్యాదా పోతుంది.

సౌభాగ్య మంచం మీది నుంచి నన్ను చూసి చిన్నగా నవ్వింది. నా గొప్పలు ఆమెకు తెలుసు.

6 ఏప్రిల్

మూడో నెల దగ్గరకు వచ్చేసింది. పోయిన రెండుసార్లూ ఇంతదాకా రాలేదు. నిలిచింది. పచ్చమందు కలపకపోవడం వల్లే నిలిచింది. డాక్టరు గారికి చదువుంది, అనుభవం మాకు ఉంది. అత్తమ్మ రాళ్ల ఉప్పుతో దిష్టి తీసింది. నాకూ తియ్యమంటే తీసింది.

డాక్టరు గారు రోజూ అడుగుతున్నారు. రోజూ కలిపానంటున్నాను. అలవాటైపోయింది.

13 ఏప్రిల్

కాళ్లు నావి కానట్టు ఉన్నయి అంటున్నది. అరికాళ్లు మొద్దుబారాయట. నెల రోజులుగా మంచం దిగకపోతే ఎవరికైనా అంతే అన్నాను.

ఒక సంగతి. నిన్న తాళంచెవి మరిచిపోయాను. ఆమె గుర్తు చేయలేదు. అబిడ్స్ దాకా పోయి తిరిగి వచ్చాను.

20 ఏప్రిల్, పొద్దున

సీసా తగిలిస్తుంటే, రెండు సీసాలు ఒకటేసారి ఎందుకు పెడుతున్నవు అని అడిగింది. ఉన్నది ఒక్కటే. రెండు కనబడితే మంచిదే, డబుల్ బలం అని జోక్ చేశాను. ఆమె నవ్వలేదు. జోక్ అర్థం కానట్టు చూసింది.

22 ఏప్రిల్

నల్లా దగ్గర పడిపోయింది. తాగినవాళ్లలా కాళ్లు ఎడంగా వేసి నడుస్తోంది. కళ్లు ఒకచోట నిలవడం లేదు, గుడ్లు పక్కకు అదురుతున్నాయి. నీరసం బాగా ముదిరిందనుకున్నాను. ఈరోజు నుంచి మూడు సీసాలు.

24 ఏప్రిల్, ఆదివారం, మధ్యాహ్నం

పొద్దున నన్ను చూసి ఎప్పుడు వచ్చినవు అన్నా, వదిన బాగుందా అని అడిగింది. ఆమెకు అన్న లేడు. చిన్నప్పుడే పోయాడు.

పెద్ద దవాఖానకు తీసుకొచ్చాం. అత్తమ్మ, నేను, డాక్టరు గారు. ఇక్కడ నళిని గారని లేడీ డాక్టర్ చూస్తున్నారు. చిన్న వయసు. మాట తక్కువ. వేలు పైకి పెట్టి ఇటు చూడు, అటు చూడు అన్నారు. సౌభాగ్య కళ్లు వేలి వెంట పోలేదు. లేపి నిలబెడితే పక్కకు ఒరిగింది.

ఎన్ని రోజులుగా ఏమిస్తున్నారు అని అడిగారు. ఆరు వారాలుగా గ్లూకోజ్ అని చెప్పాను. విటమిన్లు ఇచ్చారా అన్నారు. నేను నోరు తెరిచేలోపే వామన్‌రావు డాక్టరు గారు, మొదటి రోజు నుంచీ రాసి పెట్టాను, మా సదాశివ స్వయంగా రోజూ కలిపి ఎక్కించాడు, పన్నెండేళ్ల సర్వీసు, ఒక్క పొరపాటు లేదు అన్నారు. ఆ మాట అంటూ నా భుజం మీద చెయ్యి వేశారు.

ఆమె నా వైపు తిరిగి, ఇచ్చారా అని మళ్లీ అడిగారు.

ఇచ్చానన్నాను.

కేస్ షీట్‌లో రాసుకున్నారు.

25 ఏప్రిల్

వెన్నులోంచి నీళ్లు తీశారు. మెదడువాపు కావచ్చంటారు. గడ్డ కావచ్చంటారు. గ్లూకోజ్ ఇక్కడా నడుస్తోంది. అత్తమ్మ వరండాలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంటోంది. పొద్దున ఏం తిన్నవు బిడ్డా అంటే, మేనమామ పెండ్లిల బూరెలు తిన్న అన్నది సౌభాగ్య. నేతి బూరెలని కూడా చెప్పింది. ఆ పెళ్లి అయి తొమ్మిదేళ్లు.

26 ఏప్రిల్

మెదడువాపు లేదట. లేడీ డాక్టర్ మంచం పక్కన చాలాసేపు నిలబడ్డారు. ఈ కళ్లు, ఈ నడక, ఈ మతి, మూడూ కలిస్తే నాకు ఒక్కటే తోస్తుంది, కానీ విటమిన్ రోజూ పడ్డదంటున్నారు కదా, అది కాదు అన్నారు. నాతో కాదు, పక్కనున్న నర్సుతో అన్నారు. నేను విన్నాను. విని టీ తెచ్చే నెపంతో బయటికి వచ్చాను.

అప్పుడే చెప్పాల్సింది. ఏం అడ్డం వచ్చిందో ఇప్పుడు రాద్దామంటే చెయ్యి రావడం లేదు. నా భుజం మీది ఆ చెయ్యి అడ్డం వచ్చింది. అంతే.

27 ఏప్రిల్, బుధవారం

రెండు గంటలకు దవాఖాన తెరవమని డాక్టరు గారు పంపారు. బుచ్చిబాబు గారు వచ్చి పడుకున్నారు. పచ్చమందు జర ఎక్కువ అన్నారు. సీసాలో కలుపుతున్నాను. రంగు మెల్లగా దిగుతోంది. ఈ మందు రంగు తెలుసు, వాసన తెలుసు, మూత్రంలో ఎలా వస్తుందో తెలుసు. ఒంట్లో ఏం చేస్తుందో పన్నెండేళ్లలో ఒక్కసారి ఎవరినీ అడగలేదు. కడుపునిండా తిని వచ్చిన ఈ మనిషికి ఇది నెలనెలా పోస్తున్నాను. ఆరు వారాలుగా మెతుకు తినని నా భార్యకు ఒక్క చుక్క పొయ్యలేదు.

సూది ఆయన చేతికి పెట్టకుండానే వచ్చేశాను. ఎక్కడికి కంపౌండర్ సాబ్ అని అరుస్తున్నారు. రిక్షా కోసం కూడా ఆగలేదు.

లేడీ డాక్టర్‌కు వార్డు గుమ్మంలోనే చెప్పాను. కలపలేదు, ఒక్కరోజు కూడా కలపలేదు, వేడి చేసి కడుపు పోతుందని భయపడ్డాను అన్నాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నర్సును కేకేసి ఆంప్యూల్ తెప్పించి తానే సూది వేశారు. బి-వన్ అట, పచ్చమందులో ఉండేవాటిలో ఒకటి. ఆ మందుకు రంగే లేదు. నీళ్లలా ఉంది. మూత్రాన్ని పచ్చగా చేసేది అందులోనే ఇంకొకటి, దానివల్ల వేడీ లేదు, కడుపూ పోదు అన్నారు.

తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. గ్లూకోజ్ ఒంట్లో మండాలంటే బి-వన్ కావాలి. తిండి లేక ఉన్న కొంచెం అయిపోయింది. ఎంత గ్లూకోజ్ పోస్తే అంత కరువు. పొయ్యి నిండా కట్టెలు కుక్కి గాలి ఆడకుండా మూసేస్తే ఇల్లంతా పొగే కదా, గట్లనే అయింది అన్నారు. ఆదివారమే తెలిసి ఉంటే అని ఆగిపోయారు.

నేను మూడో సీసా కూడా పెట్టానని చెప్పాను. అది కూడా రాసుకున్నారు.

28 ఏప్రిల్

కళ్లు నిలిచాయి! వేలు ఎటు పోతే అటు చూస్తోంది. ఒక్క సీసానే కనబడుతోందట. అత్తమ్మ లేడీ డాక్టర్ కాళ్లు పట్టుకోబోయింది. కడుపులో బిడ్డ కూడా బాగానే ఉందన్నారు.

30 ఏప్రిల్

వామన్‌రావు డాక్టరు గారికి చెప్పాను. చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఉద్యోగం తియ్యలేదు. ఇకనుంచి మందు కలిపేటప్పుడు నన్ను పిలువు సదాశివా, నేను నిలబడి చూస్తాను అన్నారు. అంతకంటే తీసేసినా బాగుండు.

9 మే

వాంతులు తగ్గాయి. రెండు ముద్దలు తింటోంది. గోడ పట్టుకుని నడుస్తోంది.

కానీ పొద్దున ఎనిమిదింటికి అమ్మ ఎప్పుడు వస్తది అని అడిగింది. అత్తమ్మ పక్కనే ఉంది. ఇదిగో వచ్చిన కదా బిడ్డా అంటే, ఔ అన్నది. ఎనిమిదీ పదికి మళ్లీ అడిగింది. మతి కూడా కళ్లలాగే వస్తుందా అని లేడీ డాక్టర్‌ను అడిగాను. కళ్లు తొందరగా వస్తాయి, మతి సంగతి చెప్పలేం, ఆ మూడు రోజులు పోకుండా ఉంటే ఆశ ఎక్కువ ఉండేది అన్నారు.

ఆమె అన్నది మూడు రోజులు. నేను లెక్కపెట్టుకున్నది ఆరు వారాలు.

21 జూన్

ఇంటికి వచ్చి నెలైంది. పాతవన్నీ ఉన్నాయి. మా పెళ్లిలో మా బాబాయి అలిగింది కూడా చెబుతోంది. కొత్తది ఏదీ అంటడం లేదు. ఈ ఏడాది మార్చి తర్వాత ఆమెకు ఏమీ లేదు. పొద్దున లేవగానే వాంతి వస్తదేమో గిన్నె తెచ్చిపెట్టు అంటుంది. పొట్ట చూసుకుని ఇంత తొందరగా ఎట్ల పెరిగింది అంటుంది. చెబితే సంతోషపడుతుంది. సాయంత్రం మళ్లీ చెప్పాలి, మళ్లీ అంతే సంతోషపడుతుంది.

18 అక్టోబర్ 1966, మంగళవారం

ఆడపిల్ల. ఐదు పౌన్ల పైనే. గట్టిగా ఏడ్చింది. అందరం ఏడ్చాం. సౌభాగ్య కూడా ఏడ్చింది, బిడ్డను ముద్దు పెట్టుకుంది. లెక్కపెట్టుకున్నాను, ఇరవై నిమిషాలు ఆమె తల్లి.

నిద్రపోయి లేచాక ఈ పిల్ల ఎవరిది అని అడిగింది.

13 నవంబర్, ఆదివారం

లేడీ డాక్టర్ ఒక ఉపాయం చెప్పారు. రోజూ జరిగింది ఆమెతోనే రాయించండి, రాసింది మళ్లీ చదివించండి, కొందరికి మేలు చేస్తుంది అన్నారు. ఇంట్లో ఉన్న నోట్‌బుక్ ఇదొక్కటే. సగం ఖాళీ ఉంది.

ఆమె చేతిలో పెట్టాను. మొదటి పేజీ నుంచి చదివింది. గంటసేపు చదివింది. నేను కదలకుండా ఎదురుగా కూర్చున్నాను. ఏప్రిల్ ఇరవై నాలుగు దగ్గర ఆగి, వేలు పెట్టి, మళ్లీ చదివింది. ఇచ్చిన అన్నవా అని అడిగింది. ఔ అన్నాను. మొఖం గోడ దిక్కు తిప్పుకుంది. అన్నం పెడితే తినలేదు. పిల్లను గుండెకు పట్టుకుని, నాతోటి మాట్లాడకు అన్నది. ఏడు నెలలుగా ఎదురుచూస్తున్న మాట. నా భార్య నేను చేసింది ఎరిగి తిట్టిన తిట్టు. నాకు ఏడుపు వచ్చింది, ఎంత హాయిగా వచ్చిందో చెప్పలేను.

నాలుగింటికి టీ పెట్టి తెచ్చింది. పొద్దుటి నుంచి ఏం తిన్నట్టు లేవు, మొఖం పీక్కపోయింది, గా దవాఖానల జర తక్కువ పని చెయ్యరాదా అన్నది.

1 డిసెంబర్, గురువారం

రేపటి నుంచి ఈ పుస్తకం సౌభాగ్యది. పెన్నులో ఇంకు పోసి దిండు దగ్గర పెట్టాను. వెనక పేజీలు చించలేదు. ఎన్నిసార్లు చదివితే అన్నిసార్లు తిట్టనీ. క్యాలెండర్ ఇంకా పెట్టె మీద అలాగే ఉంది, మార్చి పేజీతో. గోడకు తగిలించాలి.

మార్చి 1966. తేదీ తెల్వది

ఆయన రాయమన్నడని రాస్తున్న. ఇయ్యాల వాంతి కాలే. సీసా కూడ పెట్టలే, మేకు ఉత్తగనే ఉంది. ఆయన దవాఖానకు పోయిండు. తాళంచెవి మర్సిపోయిండు.

పక్కింటోళ్ల పిల్ల మా మంచం మీద పండుకొని ఏడుస్తున్నది. గింత చిన్న పిల్లను ఇడిసి తల్లి ఏడికి పోయిందో. ఎత్తుకున్న. ఊకున్నది. నా రైక తడిసింది, ఎందుకో తెల్వది.

తల్లి వచ్చేదాంక ఎత్తుకుంట.